మా యింటి తరిమెన

శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకు గాజులు చేయించుకొందునని మూడేండ్లు చిట్టీ కట్టితిని. చిట్టీ పాడుకొన్న మరునాడు ఆ సొమ్ములో 65,000 రూపాయలు పట్టుకొనిపోయి, బాలానగరములో మూతపడుచున్న యొక చిన్న కార్ఖానానుండి పాత లేతు యంత్రమును కొని తెచ్చితిని. ఈ మాట విని నవ్వనివారు మా వీధిలో లేరు. మావారు నవ్వలేదు గాని, రెండు దినములు నాతో మాటలాడలేదు. సోదరీమణులు నవ్వినను నాకు కోపము లేదు. నవ్విన పిమ్మట తక్కినది కూడ చదువుడని మాత్రము వేడుకొందును.

మా నాన్నగారు లాలాగూడ రైల్వే కార్ఖానాలో ముప్పదియారేండ్లు టర్నరుగా పనిచేసిరి. నిజాము కాలమున, 1893లో, నెలకొన్న కార్ఖానా యది. చిన్నతనమున సెలవుదినములలో నేను గేటువరకు క్యారియరు మోసుకొని పోయెడిదానను. ఇప్పుడు వారికి 82 ఏండ్లు. మా యమ్మ పోయిన తరువాత మల్కాజిగిరిలోని మా యింటికి వచ్చిరి. వచ్చిరన్న మాటయే గాని, ఉన్నట్లు తోచెడివారు కారు. చూపు మందగించినది, పత్రిక చదువలేరు. పెట్టినది తిని, గోడవైపు తిరిగి పండుకొనెడివారు. నెల గడచినను పది మాటలు వినబడలేదు.

ఒకనాడు మా గ్రైండరు పిండి రుబ్బుచు కడకడలాడి నిలిచిపోయినది. బాగుచేయు కుఱ్ఱవాడు దానిని విప్పి, "పాతదమ్మా, పారెయ్యండి" అని తేల్చి చెప్పెను. నాన్నగారు మంచముమీదనుండి లేచి వచ్చి, దాని యిరుసును చేతిలోనికి తీసికొని, బొటనవ్రేలితో నిమిరి, "పారెయ్యడమెందుకు? ఇరవై తౌలు అరిగింది, అంతే. కొత్త బుష్షు తిప్పి వేస్తే పదేళ్ళాడుతుంది. లేతుంటే గంట పని" అనిరి. అంగుళములో వేయవవంతును కార్ఖానాలవారు తౌ అందురు. మన తలవెండ్రుక మందము సుమారు మూడు తౌలు. కన్ను కనబడని మనిషి వ్రేలితో ఆ లెక్క చెప్పుట చూచి నేను నిలువునీరైతిని. లేతు కొనవలెనను బుద్ధి నాకు పుట్టిన దా క్షణముననే.

లేతు మనకు తెలియని వస్తువు కాదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు మీ యిండ్లలో నుండును గదా. అంకుడు కఱ్ఱను గిఱ్ఱున తిప్పుచు ఉలిని ఆనించి ఆ బొమ్మలను గుండ్రముగా దీర్తురు. ఆ సాధనమునకు మన భాషలో తరిమెన యని చక్కని పేరున్నది. లేతు ఇనుమునకు తరిమెన. అయితే ఇనుముమీద ఉలిని మనిషి చేయి నిలుకడగా పట్టజాలదు. కావున ఉలినికూడ యంత్రమే పట్టి, మరచుట్టుల వెంబడి నడుపవలెను. లండను నగరమున హెన్రీ మాడ్స్‌లే యను పనివాడు 1800 ప్రాంతమున ఇట్టి లేతును నమ్మదగినదిగా నిర్మించెను. ఆయన కార్ఖానాలో కొలతలపై తగవు వచ్చినపుడు తీర్పు చెప్పుటకు ఒక సూక్ష్మమైన కొలత పనిముట్టుండెడిది. దానికాయన లార్డు ఛాన్సలరని పేరు పెట్టుకొనెనట! దానిపైని అప్పీలు లేదన్నమాట. మన దేశమున 1941లో హరిహరమున కిర్లోస్కరువారును, 1943లో సికిందరాబాదున ప్రాగా టూల్సువారును, 1953 నుండి బెంగుళూరున హెచ్.ఎం.టి.వారును ఇట్టి యంత్రపరిశ్రమలకు పునాది వేసిరి. నేడు కంప్యూటరు ఆజ్ఞలతో నడచు యంత్రములు వచ్చుటచే పాత లేతులు ఎన్నియో పాత యినుము బేరగాండ్ర పాలగుచున్నవి.

కార్ఖానా యజమాని 80,000 అడిగెను. నాన్నగారు కండ్లు మూసికొని, యంత్రపు బెడ్డుమీద, అనగా క్యారేజి నడచు పట్టాలమీద, అరచేయి పరచి ఒక కొననుండి మరియొక కొనకు నడపిరి. చక్కు దగ్గర ఆగి, "అమ్మాయీ, ఇక్కడ గోరు పెట్టి చూడు" అనిరి. గోరు ఒక సన్నని గట్టుకు తగిలినది. లేతుమీద జరుగు పనిలో హెచ్చు భాగము చక్కు చేరువనే జరుగును గావున పట్టాలచ్చటనే ఎక్కువ అరుగును. క్యారేజిని అచ్చట బిగువుగా అమర్చినచో అరగని రెండవ కొనకు పోవునప్పటికి పట్టివేయును. ఇచ్చట వదులు, అచ్చట బిగువు. పాత లేతు కొనువారు ముందుగా చూడవలసిన దిదియే. పై రంగు చూచి మోసపోరాదు. పెండ్లిచూపులనాటి పౌడరు వంటి దది. బేరము 65,000కు దిగినది.

నాలుగున్నర అడుగుల బెడ్డు, ఆరువందల కిలోల బరువు. లేతు తలబరువుది, ఏమరినచో ముందుకు తూలును. టెయిల్‌స్టాకును ఊడదీసి, అడుగున ఇనుపగొట్టములు దొర్లించుచు, నలుగురు మనుష్యులు మా కారుషెడ్డులోనికి చేర్చిరి. మా అత్తగారు గుమ్మములో నిలిచి గుమ్మడికాయ దిష్టి తీసిరి. ఎగతాళికో, నిజముగనో నేటికిని నాకు తెలియదు.

విప్పుట మొదలిడినది మొదలు మా వంటయిల్లు నాకు మిక్కిలి ఉపకరించినది. ఏ మర ఏ రంధ్రములోనిదో మరచిపోకుండ పాత ఇడ్లీ రేకుల గుంటలలో వరుసగా నుంచి, కాగితములు అంటించితిని. పెద్దవి ఖాళీ ఆవకాయ జాడీలలోనికి పోయినవి. విప్పకముందే ప్రతి భాగమును ఫొటో తీసితిని. నాన్నగారికి ఫొటోలతో పనిలేదు. "ఎడమ చేతి దారం, జాగ్రత్త" అని మంచముమీదనుండియే చెప్పెడివారు.

ఇచ్చట తల్లులకొక హెచ్చరిక. పాత యంత్రముల రంగులో సీసముండవచ్చును. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్ళకు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు యంత్రపు రంగున కట్టి హద్దెక్కడిది? ఆ పొడి పసిపిల్లల కడుపులోనికి పోయినచో మెదడునకు చేటు. మూడేండ్ల మనుమరాలిని ఆ పదియేను దినములును మా అమ్మాయి యింటనే యుంచితిమి. రంగును పొడిగా రుద్దక, మెత్తబరచు ద్రావకము పూసి తడిగా గీకి, ఆ చెత్తను సంచిలో మూటగట్టితిమి. ఆ బట్టలను ఇతరుల బట్టలతో కలిపి ఉతుకలేదు.

జిడ్డునకు కిరసనాయిలు చాలినది. త్రుప్పు పట్టిన చిన్న భాగములకు మాత్రము నాన్నగారికి తెలియని యుపాయమొకటి నేను చేసితిని. ప్లాస్టిక్ తొట్టిలో చాకలిసోడా కలిపిన నీరు పోసి, త్రుప్పు వస్తువును 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు ఋణతీగకును, పనికిరాని ఇనుపరేకును ధనతీగకును తగిలించి, రెండును అంటుకొనకుండ నీట ముంచవలెను. రాత్రి గడచునప్పటికి త్రుప్పు నల్లని మసియై, బ్రష్షు తగులగానే ఊడివచ్చును. ఆ తొట్టినుండి హైడ్రోజను వాయువు లేచును గావున ఆరుబయటనే చేయవలెను, దరిదాపుల నిప్పుండరాదు. స్టీలుగిన్నె ముక్కను రేకుగా ఎన్నడును వాడరాదు. దానిలోని క్రోమియము విషమై నీటిలో కలియును. మరునాటి యుదయము తళతళలాడు పిడిని చేతబట్టి నాన్నగారు, "ఇదెక్కడి మంత్రమే!" అనిరి. మా యమ్మ పోయిన పిదప వారు నవ్వుట అదియే మొదలు.

అసలు పని గీకుడు. అరిగిన తలమును మరల చదును చేయుటకు ఆకురాయి పనికిరాదు. నిర్దుష్టమైన సమతలపు పలకకు నీలిరంగును పలుచగా పూసి, వస్తువును దానిపై మెల్లగా రుద్దినచో, ఎత్తైనచోట్లనే నీలిచుక్కలు పడును. ఆ చుక్కలను మాత్రమే గీకుడుపనిముట్టుతో వెండ్రుకలో పదియవవంతైనను లేనంతగా తీసివేయవలెను. మరల నీలి, మరల రుద్దుట, మరల గీకుట. మొదట నాలుగైదు చుక్కలు, తరువాత పది, తరువాత తలమంతయు చుక్కలు చల్లిన ముగ్గువలె నగును. క్రాస్ స్లైడు ఒక్కదానికే నాకు ముప్పదిసార్లు పట్టినది. నీలి ఎక్కడ పడినదో నేను చెప్పెడిదానను; చేయి ఎట్లు వంచవలెనో, భుజము ఎట్లు నొక్కవలెనో నాన్నగారు నా వెనుక నిలిచి, నా చేతిమీద తమ చేయి వేసి చెప్పెడివారు. వారి చేయి వణకును. గీకుడుపనిముట్టు ఇనుమును తాకిన క్షణమున మాత్రము వణకెడిది కాదు. సాయంకాలము ఆయనకు అన్నము నేనే కలిపి పెట్టుదును. పగలు నన్నాయన శిష్యురాలివలె కసరుదురు. ఈ కసరు నాకెంతో తీపిగా నుండెడిది.

బెడ్డును మాత్రము ముట్టలేదు. దానిని పెద్ద యంత్రముమీద పట్టించుటకు మేము కొన్న వెలకంటె నెక్కువ యగును. ఇంటిపనికి ఆ యరుగుదలతో సర్దుకొనవచ్చునని నాన్నగారి తీర్పు.

మోటారు విషయము క్లుప్తముగా చెప్పెదను. కార్ఖానా మోటారు మూడు ఫేజులది. ఇంటి కరెంటు ఒక ఫేజుది. మధ్య నొక డ్రైవు పెట్టె నమర్చి, మోటారు తీగలను స్టారునుండి డెల్టాకు మార్పించినచో ఇంటి కరెంటుతోనే నడచును. మావారు బ్యాంకు ఉద్యోగియైనను ఈ పనికి ఎలక్ట్రీషియనును తామే వెదకి తెచ్చిరి. కరెంటు పోయి వచ్చినపుడు యంత్రము తనంత తాను తిరుగకుండునట్టి స్విచ్చి తప్పక యుండవలెను.

తిరుగు యంత్రమువద్ద చీరకొంగు, జడ, గాజులు మృత్యువునకు ద్వారములు. చేతితొడుగులు కూడ అంతే. చక్కు వానిని పట్టుకొనినచో చేతిని విడువదు. నేను పొట్టిచేతుల పంజాబీ దుస్తు తొడిగి, ముడి వేసి, తలకు గుడ్డ కట్టితిని. గాజులు తీసివేయుటకు మా అత్తగారు ఒప్పలేదు. "పుణ్యస్త్రీవి, బోసిచేతులతో ఇంట్లో తిరుగుతావా?" అని కంటనీరు పెట్టుకొనిరి. మంగళసూత్రము మాట వచ్చునప్పటికి నేనును తడబడితిని. కడకు మావారే, "అమ్మా, గాజులు తియ్యకపోతే చెయ్యి పోతుంది. చెయ్యి ఉంటే గాజులు మళ్ళీ వేసుకుంటుంది" అనిరి. సూత్రమును దేవునిగూటిలో పసుపుబరిణెలోను, గాజులను దాని ప్రక్కను ఉంచి షెడ్డులోనికి పోయి, రాగానే మరల ధరించుట మా యింటి యాచారమైనది. చక్కు తాళమును చక్కులోనే మరచి స్విచ్చి వేసినచో అది తూటావలె ఎగురును. చేయి తీసినచో తాళము కూడ రావలెనని నాన్నగారి శాసనము.

అన్నియు బిగించి పరీక్ష చేసిననాడు మాత్రము నాకు గుండె పగిలినది. చక్కులో నొక కడ్డీని బిగించి, రెండవ కొనకు ఆధారము లేకుండ, ఆరంగుళముల దూరమున రెండు పట్టీలను ఒకే సన్నపు కోతతో తిప్పి కొలువవలెను. రెండును సమానమైనచో యంత్రము సరియైనది. నాలుగు తౌలు తేడా వచ్చినది. మరల తిప్పితిని, మరల నాలుగే. నాన్నగారు మైక్రోమీటరును నా చేతికిచ్చి, "నా చెయ్యి పోయిందమ్మా. తప్పు గీయించాను. నీ డబ్బు మట్టిపాలు చేశాను" అని లోపలికి పోయి గోడవైపు తిరిగి పండుకొనిరి. ఆ రాత్రి భోజనమునకు లేవలేదు.

నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున షెడ్డులో నిలిచి, ఏమి చేయుటకును తోచక, చీపురు పిడితో నేలను తట్టితిని. టెయిల్‌స్టాకు వైపు కాలి క్రింద షాబాదుబండ డొల్లుగా పలికినది! బండ అడుగున మట్టి క్రుంగినది; ఆ కాలు దిగి, బెడ్డు తడిగుడ్డ పిండినట్లు రవంత మెలిపడినది. లోపము గీకుడులో లేదు, నేలలో నున్నది. ఆ బండను పెరికించి, కాంక్రీటు పోయించి, పది దినములు ఆరనిచ్చి, కాళ్ళక్రింద పలుచని రేకులు చేర్చుచు తీయుచు మరల పరీక్షించితిమి. రెండు తౌలు. ఒకటి. అర.

"చాలు. ఆపు. అరిగిన బెడ్డుకి ఇంతకన్నా ఆశపడకూడదు" అనిరి నాన్నగారు. వారి చొక్కా చెమటతో తడిసియుండెను.

ఆ యాదివారము గ్రైండరు ఇరుసును ముందుగా తిప్పి నునుపు చేసి, గన్‌మెటలు ముక్కను దానికి సరిపడు బుష్షుగా తొలిచితిని. స్విచ్చి నాది, పిడి నాది. చెవి మాత్రము నాన్నగారిది. ఉలి కోత సరిగా నున్నదో లేదో చప్పుడును బట్టియే చెప్పుచుండిరి. చివరి కోత యైన పిమ్మట బుష్షును తుడిచి వారి అరచేతిలో నుంచితిని. బొటనవ్రేలిని లోపల దూర్చి, త్రిప్పి, చాలసేపు ఊరకుండిరి.

"ఒక తౌ బిగువుంది. ఇంకో కొయ్య" అనిరి.

మైక్రోమీటరుతో కొలిచి చూచితిని. ఒక తౌ బిగువే యున్నది.