ఇంట్లో మాట ఇంగ్లీషు, పాట స్పానిష్: లిండా రాన్‌స్టాడ్ట్ ప్రయాణం

1970లలో అమెరికా పాప్, రాక్ సంగీతంలో మారుమోగిన పేరు లిండా రాన్‌స్టాడ్ట్. పేరు వచ్చిన తర్వాత ఆమె ఇంటి భాష పాటల వైపు తిరగడం, తరాలుగా సొంత రాష్ట్రానికి బయట ఉంటున్న మనం తెలుసుకోదగ్గ సంగతి.

లిండా 1946లో అరిజోనాలోని టూసాన్‌లో పుట్టారు. మెక్సికో సరిహద్దుకు దగ్గరి ఊరది. తాతగారు ఫ్రెడ్ 1882లో మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. బళ్లు తయారుచేసే వ్యాపారం చేస్తూనే ఊళ్లో బ్యాండు నడిపారు. మనవల కాలానికి ఇంట్లో మాటలు చాలావరకు ఇంగ్లీషులోకి మారాయి, పాటలు మాత్రం స్పానిష్‌లో నిలిచాయి. తండ్రి గిల్బర్ట్ పాడుతుంటే వింటూ లిండా పెరిగారు. అయినా స్పానిష్ ఆమెకు ధారాళంగా రాదు.

18 ఏళ్లకే పాట కోసం లాస్ ఏంజెలెస్ వెళ్లారు. 1967లో స్టోన్ పోనీస్ బృందంతో తొలి హిట్ వచ్చింది. 1974లో విడుదలైన 'హార్ట్ లైక్ ఎ వీల్', 1977 నాటి 'సింపుల్ డ్రీమ్స్' ఆల్బంలు అమెరికా అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరాయి. 1983లో నెల్సన్ రిడిల్ ఆర్కెస్ట్రాతో పాతకాలం పాటలు పాడితే అవీ లక్షల్లో అమ్ముడుపోయాయి.

ఆ తర్వాత 1987లో, రికార్డు కంపెనీకి పెద్దగా ఇష్టం లేకపోయినా, మరియాచి వాద్యబృందాలతో పూర్తిగా స్పానిష్‌లో ఒక ఆల్బం చేశారు. పేరు 'కాన్సియోనెస్ దె మి పాద్రె', అంటే 'మా నాన్న పాటలు'. అమెరికాలోనే 20 లక్షలకు పైగా అమ్ముడై, గ్రామీ కూడా తెచ్చింది.

ఆ పేరు కొత్తది కాదు. లిండా మేనత్త లూయిసా ఎస్పినెల్ తన తండ్రి పాటలను 1946లోనే అదే పేరుతో పుస్తకంగా అచ్చు వేయించారు. ఒక తరం రాసిపెట్టింది, మరో తరం పాడింది.

లిండా 2009లో చివరి కచేరీ చేశారు. నాడీ సంబంధమైన జబ్బు వల్ల ఇక పాడలేనని 2013లో చెప్పారు. గొంతు ఆగింది, రికార్డులు మిగిలాయి.

మన ఇళ్లలోనూ మాటలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో కలిసిపోయినా, పెళ్లి పాటలు, మంగళహారతులు, జోలపాటలు పెద్దవాళ్ల నోట ఇంకా తెలుగులోనే ఉన్నాయి. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా వింటే పట్టుకోగలరు. అందుకు ముందు అవి వాళ్ల చెవిన పడాలి. అమ్మమ్మ పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి, పదాలు అడిగి రాసిపెట్టుకోవడం ఈరోజే మనం చేయగలిగిన పని.