మీకు తెలుసా? గోదావరి రాళ్లలో సొర పళ్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ మూడు జిల్లాల్లో ఎక్కడా సముద్రపు గాలి సోకదు. ఇక్కడ సొరచేప అంటే సినిమాలో చూసిన రాకాసే. అయితే భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ. ఆ చుట్టుపక్కలే కోట అనే ఊరుంది. ఆ ఊరి పేరు పెట్టిన జురాసిక్ కాలపు రాతిపొరల్లో సొరజాతి చేపల పళ్లు దొరికాయి! వాటిలో ఒక జాతికి 1986లో శాస్త్రవేత్త పి. యాదగిరి 'లోంకిడియాన్ ఇండికస్' అని పేరు పెట్టారు.

అది మంచినీటి చేప. పళ్లు మరీ చిన్నవి, మిల్లీమీటర్లలో కొలవాల్సినవి. మాంసం చీల్చడానికి కాదు, గుల్ల ఉన్న చిన్న జీవులను నలగ్గొట్టడానికి పనికొచ్చేవి. సొరలకు ఎముకలుండవు, అస్థిపంజరమంతా మృదులాస్థే. అది త్వరగా కుళ్లిపోతుంది. పళ్లు మాత్రం బతికినంత కాలం రాలుతూ, మళ్లీ మొలుస్తూ ఉంటాయి. అందుకే రాళ్లలో మిగిలేవి ఎక్కువగా అవే.

నేటి సొరలు 500 రకాలకు పైనే. మనిషిని కరిచేవి వాటిలో కొన్నే. అన్నింటికన్నా పెద్దదైన తిమింగల సొర నీటిని వడగట్టి చిన్న చిన్న జీవులను, చిరుచేపలను తింటుంది, అంతే! 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒకటి వలకు చిక్కితే మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి సముద్రంలోకి సాగనంపారు. 2001 నుంచి మన దేశంలో తిమింగల సొరను వేటాడటం నేరం.

కోట రాళ్లలోనే దొరికిన కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పిల్లలకు తప్పక చూపించండి.