ఎక్కేకొద్దీ పెరిగే నిచ్చెన

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004లో వచ్చింది. అందులో రాక్షసులను చంపితే పాయింట్లు, పాయింట్లు నిండితే లెవెల్. లెవెల్ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పాయింట్లు కావాలి. గంటల తరబడి అదే పని. మొదట్లో చివరి లెవెల్ 60. దాన్ని 2007లో 70, 2008లో 80 చేశారు. "ఈ ఒక్క లెవెల్ అయ్యాక పడుకుంటా" అన్న పిల్లవాడు తెల్లవారేదాకా కూర్చునేది ఇందుకే.

అదే ఆటలో సత్రంలో విశ్రమించి వచ్చిన వీరుడికి కొంతసేపు రెట్టింపు పాయింట్లు వస్తాయి. ఆడే పిల్లవాడికీ ఆ విశ్రాంతి కావాలి కదా!

తల్లిదండ్రులారా, తిట్టకండి, ఆపే సమయానికి ముందే ఒప్పించండి. ఆటపై అదుపు తప్పడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల పట్టికలో చేర్చింది. నిద్ర, చదువు పాడవుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుగారికి చూపించమని మేము కోరుతున్నాము.