కాలికో ఎందుకు ఖాళీ అయింది?

కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగస్ వెళ్లే రహదారిలో బార్‌స్టో దాటాక, ఎడమవైపు కొండలు రంగు మారతాయి. ఎరుపు, పసుపు, లేతాకుపచ్చ చారలు. ఒక కొండ మీద పెద్ద తెల్లని అక్షరాలతో ‘కాలికో’ అని రాసి ఉంటుంది. 1881లో పుట్టి, వెయ్యిమందికి పైగా బతికి, పదిహేనేళ్లకే వట్టిపోయిన వెండి గనుల ఊరు అది.

ఇక్కడ వెండి చేరిన తీరు చాలా ఆసక్తికరం. మయోసీన్ యుగంలో ఈ ప్రాంతమంతా అగ్నిపర్వతాలు. లోపలి వేడినీళ్లు కరిగిన ఖనిజాలను మోసుకుంటూ రాతి పగుళ్లలోకి ఎగబాకి, చల్లారినచోట వాటిని వదిలేశాయి. అలా ఏర్పడిన సిరల్లో వెండికి తోడుగా ఉన్నది బెరైటీస్. రాయలసీమలోని మంగంపేటలో మనం తవ్వి తీసే ముగ్గురాయి అదే. తరవాత లక్షల ఏళ్లపాటు గాలీ వానా ఆ సిరల పైభాగాన్ని మార్చేశాయి. ఎడారిలో వాన తక్కువ, నేలలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పులోని క్లోరిన్‌తో వెండి కలిసి సిల్వర్ క్లోరైడ్ అయింది. అది నీళ్లలో దాదాపు కరగదు కనుక కొట్టుకుపోకుండా పైపొరల్లోనే నిలిచింది. బరువులో మూడువంతులు వెండే. మైనంలా కత్తికి తెగుతుంది, వెలుతురు తగిలితే నల్లబడుతుంది. లోతుగా తవ్వకుండానే దొరికే ఇంత మంచి ఖనిజం ఉంటే జనం పరుగెత్తుకు రారా మరి!

కొండ మీద నీళ్లు లేవు. అందుకే తవ్విన రాయిని కిందికి, మొజావే నది పక్కన డాగెట్ దగ్గరి మిల్లులకు దించేవారు. 1888లో ఇందుకోసం ఒక చిన్న రైలు మార్గమే వేశారు. మిల్లులో రాయిని పొడిచేసి పాదరసం కలిపితే అది వెండిని పట్టుకుంటుంది. ఆ ముద్దను వేడిచేస్తే పాదరసం ఆవిరైపోతుంది, వెండి మిగులుతుంది. ఆ ఆవిరి పీల్చిన కార్మికుల గురించి ఊరి చరిత్రలు చెప్పేది బహు తక్కువ.

వెండి ఇంకా కొండలో ఉండగానే ఊరు పడిపోయింది. దాన్ని పడగొట్టింది ధర. ఆ కథలో మన దేశానికీ పాత్ర ఉంది. అప్పట్లో మన రూపాయి వెండి నాణెం. ఎవరైనా వెండి తీసుకెళ్లి కలకత్తా, బొంబాయి టంకశాలల్లో ఇస్తే రూపాయలు కొట్టి ఇచ్చేవారు. ప్రపంచపు వెండికి ఇదొక పెద్ద గిరాకీ. వెండి చవకైనకొద్దీ రూపాయి విలువ పడిపోతుంటే, లండన్‌కు బంగారంలో చెల్లించాల్సిన బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1893 జూన్ 26న ఆ పద్ధతిని ఆపేసింది. కొద్దిరోజుల్లోనే వెండి ధర కుప్పకూలింది. ఆ నవంబరులో అమెరికా ప్రభుత్వం కూడా, తాను నెలనెలా వెండి కొనాలన్న 1890 నాటి చట్టాన్ని రద్దు చేసుకుంది. 1890లో ఔన్సుకు డాలరు పైన పలికిన వెండి 1894లో 64 సెంట్లకు దిగింది. తవ్వకం ఖర్చు కూడా రాని గనిలో ఎవరుంటారు?

1951లో వాల్టర్ నాట్ అనే వ్యాపారి ఊరిని కొని, పాత ఫొటోలు చూసి ఇళ్లు తిరిగి కట్టించి, 1966లో శాన్ బెర్నార్డినో కౌంటీకి ఇచ్చేశాడు. అంటే ఇప్పుడు వీధిలో కనిపించే కట్టడాల్లో చాలావరకు కొత్తవే. అదే రాష్ట్రంలోని బోడీ అనే బంగారు గనుల ఊరిని మాత్రం కూలకుండా ఆపడం వరకే చేసి, లోపలి సామాను దుమ్ముతో సహా అలాగే ఉంచారు. నా మటుకు బోడీ పద్ధతే మేలు. కాలికోలో అసలైన సాక్ష్యం దుకాణాల వీధిలో లేదు. మ్యాగీ గని సొరంగంలో, కలప కరువై కార్మికులు కొండను తొలిచి కట్టుకున్న గుహలాంటి గదుల్లో ఉంది.

ఆ దారిన వెళ్లే తెలుగువాళ్లు ఒక పూట ఆగి చూడండి, వేసవి వద్దు. ఊరి చుట్టూ కొండల్లో పాత గని నోళ్లు చాలా ఉన్నాయి. లోపల చెడుగాలి ఉండవచ్చు, పుచ్చిన దూలాలు కూలవచ్చు. సందర్శకులకు తెరిచిన సొరంగంలో తప్ప మరే గనిలోనూ అడుగు పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి.