పెరటి కోళ్లు: ఏది వింత, ఏది ప్రమాదం?

తొలిసారి పెరట్లో కోళ్లు పెంచేవారికి గుడ్ల కంటే ముందు దొరికేది ఆశ్చర్యం. ఎండలో ఒక పక్కకు ఒరిగి, కాళ్లు చాచి పడి ఉన్న పెట్ట ప్రాణం పోయిందేమో అనిపిస్తుంది. దగ్గరకు వెళ్లేసరికి లేచి, దుమ్ము దులుపుకొని, గింజల కోసం పరుగెడుతుంది. మరోవైపు, నిన్నటి వరకు బాగున్న కోడి తెల్లారేసరికి చనిపోవచ్చు. కంగారు పడాల్సినదేదో, అక్కర్లేనిదేదో కోళ్ల ప్రవర్తనను గమనిస్తే చాలావరకు తెలుస్తుంది.

పిల్లలే థర్మామీటరు

పుట్టిన కొత్తలో కోడిపిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. తల్లికోడి రెక్కల కింద దొరికే వెచ్చదనాన్ని మనమే ఏర్పాటు చేయాలి. మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. ఇందుకు ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, అది వెలుగే తప్ప వేడి పెద్దగా ఇవ్వదు. పాత ఫిలమెంట్ బల్బు తీసుకునే విద్యుత్తులో 90 శాతానికి పైగా వేడిగానే మారుతుంది. వెలుగు కోసం చూస్తే అది వృథా, కోడిపిల్లలకు మాత్రం అదే వరం. అయితే బల్బు ఊకకు తగిలితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే దాన్ని కాస్త ఎత్తులో గట్టిగా కట్టాలి.

వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుకీచుమంటుంటే చలి వేస్తోందని అర్థం. దూరంగా జరిగి నోరు తెరుస్తుంటే వేడి ఎక్కువైంది. అంతటా సమంగా పరచుకొని తింటూ, నిద్రపోతూ ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే.

పొర్లాటలు, పొడుచుకోవడాలు

దుమ్ములో పొర్లడం కోడికి స్నానం. ఈకల్లో పేరుకున్న అదనపు నూనె, పేలు దానివల్ల తగ్గుతాయి. తడవని చోట ఇసుక, మట్టి, కాస్త బూడిద కలిపి పోస్తే చాలు. ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా అంతే సహజం. మందలో ఎవరు ముందు తినాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అన్నది అలాగే తేలుతుంది. చిన్నప్పటి నుంచి కోళ్లను గమనించిన నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె ఈ పొడుపు వరుసను 1920ల ఆరంభంలో శాస్త్రలోకానికి వివరించారు. కొత్త కోడిని తెస్తే ఈ వరుస మళ్లీ మొదటి నుంచి తేలాలి. రక్తం కనిపిస్తే మాత్రం గాయపడిన కోడిని వెంటనే వేరు చేయాలి.

పెట్ట గడియారం

హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలను పెరటి పెంపకానికి చాలామంది ఎంచుకుంటారు. దాదాపు ఐదారు నెలల వయసులో తొలి గుడ్డు కనిపిస్తుంది. దానికి పుంజుతో పని లేదు. పుంజు లేకపోతే ఆ గుడ్డు నుంచి పిల్ల రాదు, అంతే. ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకుకే సరిపోతుంది. రోజుకు 24 గంటలే కాబట్టి గుడ్డు పెట్టే వేళ రోజురోజుకూ వెనక్కి జరుగుతూ పోయి, ఒకరోజు గుడ్డే ఉండదు. అది జబ్బు కాదు, లెక్క. పెంకు పలచబడితే మాత్రం ఆల్చిప్పల పొడి వంటి కాల్షియం మేత అందించాలి.

అసలు ప్రమాదం

కోళ్లకు చెమట గ్రంథులు లేవు. వేసవి మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఎడంగా పెట్టడం వేడిని వదిలించుకునే దారి. నీడ, చల్లని నీళ్లు అందితే కుదుటపడతాయి. చల్లని వేళలోనూ రొప్పుతుంటే, మెడ మెలితిరిగితే, కాళ్లు పడిపోతే, ఆకుపచ్చని విరేచనాలు అయితే కొక్కెర తెగులును అనుమానించాలి. ఉత్తరాఖండ్‌లోని ఊరి పేరుతో రాణిఖేత్ వ్యాధి అని పిలిచేది దీన్నే. ఇది వైరస్ వల్ల వస్తుంది, సోకాక నయం చేసే మందు లేదు. టీకాయే రక్ష. సాధారణంగా తొలి డోసును మొదటి వారంలోనే కంటిచుక్కగా వేస్తారు, తర్వాత మళ్లీ వేయించాలి.

చిక్కేమిటంటే, ఒక టీకా సీసాలో తరచూ వంద లేదా అంతకంటే ఎక్కువ కోళ్లకు సరిపడే మందు ఉంటుంది. దాన్ని చల్లగా ఉంచాలి, కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒక్కటే అంత మందు కొనడం దండగ అనిపించి, చివరికి టీకాయే మానేస్తారు. వీధిలోని నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకేరోజు పశువైద్యుడితో వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, పక్కింటి కోళ్ల నుంచి తెగులు వచ్చే అవకాశమూ తగ్గుతుంది.

ఉన్నట్టుండి చాలా కోళ్లు చనిపోతే బర్డ్‌ఫ్లూ కూడా కావచ్చు. వాటిని ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, కోయకూడదు, అమ్మకూడదు, వెంటనే పశువైద్యశాలకు తెలపాలి. మామూలు రోజుల్లోనూ కోళ్లను పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రోజూ ఉదయం గంప ఎత్తగానే ఒక్క అయిదు నిమిషాలు కోళ్లను ఊరికే చూడండి. మామూలు నడక, మామూలు అరుపు తెలిసిన కంటికే తేడా ముందుగా కనిపిస్తుంది.