చేతిలోని రచ్చబండ

పూర్వము మన పల్లెలలో వార్తలకు నిలయము రచ్చబండ. సంతనుండి వచ్చినవాడు ధరవరలు చెప్పెడివాడు. పట్టణమునుండి వచ్చినవాడు దేశవార్తలు తెచ్చెడివాడు. చదువు వచ్చినవారొకరు పత్రిక చదువగా తక్కినవారు విని, తమకు తోచిన మాట చేర్చెడివారు. అచట కూర్చున్నవారందరు వినెడి మాట యొక్కటియే. ఆ మాట చెప్పినవాని ముఖము అందరికిని కనబడుచుండెడిది.

నేడు ఆ రచ్చబండ సెల్‌ఫోను రూపమున అరచేతిలోనికి వచ్చినది. ఫేస్‌బుక్, రెడిట్, వాట్సాప్ మొదలగు సామాజిక మాధ్యమములు లోకములోని వార్తలను, చిత్రములను, వ్యాఖ్యలను మన ముందు కుప్పగా పోయుచున్నవి. అయితే ఆ కుప్పలో పైనున్నదానిని పైన నుంచిన దెవరు? ఇది ప్రతి విద్యార్థియు తెలిసికొనదగిన విషయము.

ఈ సంస్థలు సాధారణముగా తాము వార్తలు వ్రాయవు. ఇతరులు వ్రాసినవానిని ఒకచోట చేర్చి, పదిమందికి పంచును. ఒక పత్రికలోని వ్యాసము మనకు నచ్చినదనుకొందము. దాని చిరునామాను, అనగా లింకును, మిత్రులకు పంపుదుము. తోడనే సంస్థవారి కంప్యూటరు ఆ పుటను దర్శించి, శీర్షికను, ఒక చిత్రమును, రెండు మూడు పంక్తుల సారాంశమును తెచ్చి, చిన్న పెట్టెవలె అమర్చి చూపును. ఇందులకు వీలుగా పుటలలో గుర్తులుంచు పద్ధతి నొకదానిని ఫేస్‌బుక్ సంస్థ 2010వ సంవత్సరమున ప్రవేశపెట్టెను. సౌకర్యము గొప్పదే. కాని పెట్టెను చూచినంతనే వ్యాసము చదివితిమని భ్రమపడువారును కలరు.

ఇట్లు చేరిన విషయములకు వరుస ఏర్పరచుట రెండవ పని. అమెరికాలో స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ అను ఇరువురు యువకులు 2005వ సంవత్సరమున రెడిట్‌ను స్థాపించిరి. అందులో పాఠకులే లింకులు తెచ్చి యుంచెదరు. నచ్చినచో పైకి, నచ్చనిచో క్రిందికి ఓటు వేసెదరు. ఓట్లతోపాటు కాలమును లెక్కకు వచ్చును. దాని తొలినాళ్ల లెక్కలో ఒక వార్తకు ఓట్లు 1 నుండి 10కి పెరుగుటకు ఎంత విలువయో, 10 నుండి 100కు పెరుగుటకు నంతే విలువ. అనగా మొదట ఓటు వేసిన కొలదిమందియే తరువాత వేలమంది చూడబోవుదానిని చాలవరకు నిర్ణయింపగలరు.

ఫేస్‌బుక్ చరిత్ర మరియొక విధమైనది. 2004లో అది పుట్టిన తొలిదినములలో మిత్రుని విశేషములు తెలియవలెనన్నచో అతని పుటకు మనమే పోవలసియుండెడిది. 2006 సెప్టెంబరులో మిత్రులందరి విశేషములను ఒకే పుటలో చేర్చి చూపు ఏర్పాటు జరిగెను. 2009లో 'లైకు' అను మీట వచ్చినది. మనము ఏది మెచ్చుకొంటిమి, దేనికడ ఎంతసేపు నిలిచితిమి, ఎవరికి వ్యాఖ్య వ్రాసితిమి అను విషయములను యంత్రము గుర్తించి, ఇక మీదట మనలను ఏది ఆకర్షింపగలదో ఊహించును. ఒకే యింటిలోని అక్కకు సంగీతము, తమ్మునికి క్రికెట్టు కనబడుట ఇందువలననే. ఈ సంస్థలకు ప్రధానమైన రాబడి ప్రకటనలు. మన మెంతసేపు చూచిన అన్ని ప్రకటనలు చూపవచ్చును. కావున యంత్రము మొదట అడుగు ప్రశ్న 'ఇది నిజమా?' అని కాదు, 'ఇది వీరిని నిలుపునా?' అని.

వ్యాఖ్యలును ఈ లెక్కలో చేరును. మెచ్చి వ్రాసినదియు వ్యాఖ్యయే, మండిపడి వ్రాసినదియు వ్యాఖ్యయే. ఒక అబద్ధమును ఖండించుటకై పదిమంది కోపముతో వ్రాసిన మాటలే దానిని మరి వందమంది కంటబడునట్లు చేయవచ్చును. మంట నార్పబోయి విసనకఱ్ఱతో విసరినట్లగును.

మరి దోషమంతయు యంత్రమునదేనా? అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు 2018లో ఒక పరిశోధనను ప్రకటించిరి. నేడు ఎక్స్ అను పేర నున్న ట్విట్టర్‌లో 2006 మొదలు 2017 వరకు వ్యాపించిన సుమారు 1,26,000 కథనములను వారు పరిశీలించిరి. 1,500 మందిని చేరుటకు అబద్ధమునకు పట్టిన కాలముకంటె సత్యమునకు సుమారు ఆరు రెట్లు అధిక కాలము పట్టినదట. ఇందుకు ముఖ్యకారణము యంత్రములు కావనియు, క్రొత్తదనమునకు ఆశపడి పంచిపెట్టు మనుష్యులే యనియు వారు తేల్చిరి.

ఈ సత్యమునకు మన దేశము పెద్ద మూల్యము చెల్లించినది. వాట్సాప్‌లో సందేశములకు వరుస కట్టు యంత్రము లేదు. ఒకరినుండి ఒకరికి మనుష్యులే చేరవేయుదురు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు అనేక రాష్ట్రములలో వ్యాపించెను. దానితో తిరిగిన దృశ్యములలో ఒకటి పాకిస్తానులోని కరాచీలో పిల్లల రక్షణకై తీసిన ప్రచారచిత్రము. పిల్లవానిని తిరిగి దింపి, తల్లిదండ్రులను హెచ్చరించు చివరిభాగమును ఎవరో కోసివేసిరి. మిగిలిన ముక్కను లక్షలమంది నమ్మిరి. ఆ జూలైలో కర్ణాటకములోని బీదరు జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపమునకు, హైదరాబాదు యువకు డొకడు మూకచేతిలో ప్రాణములు కోల్పోయెను.

వాట్సాప్ సందేశములు పంపినవారికిని అందుకొన్నవారికిని తప్ప సంస్థకైనను చదువరాని రహస్యలిపిలో పోవును. కావున సంస్థ అబద్ధమును ఏరివేయజాలక, వేగమును తగ్గించెను. ఒక సందేశమును ఒకేసారి అయిదుచోట్లకు మించి పంపరాదని 2018లో భారతదేశమున కట్టడి చేసెను. అప్పటికే పలుమార్లు చేతులు మారిన సందేశమును ఒకసారికి ఒక్కచోటికే పంపవలెనని 2020లో నియమించెను. తరువాత అట్టి సందేశముల వ్యాప్తి 70 శాతము తగ్గినదని ఆ సంస్థయే ప్రకటించినది.

తెలంగాణములోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు మరియొక మార్గము త్రొక్కిరి. పోలీసులు పల్లెపల్లెకు పోయి, డప్పులతో, పాటలతో పుకార్ల బండారము బయటపెట్టిరి. గ్రామస్థుల వాట్సాప్ బృందములలో తామును చేరిరి. ఆమె పరిధిలోని 400 గ్రామములలో పుకార్లవలన ఒక్క ప్రాణమును పోలేదు. పాత రచ్చబండ క్రొత్త రచ్చబండకు బుద్ధి చెప్పినదన్నమాట.

బాలలారా! సామాజిక మాధ్యమములు చెడ్డవని తలపరాదు. దూరదేశముననున్న అన్నను తల్లికి చూపునవియు, వరదవేళ సహాయమునకై పిలుచునవియు అవియే. కాని అందులో మనము కేవలము పాఠకులము కాము. మీట నొక్కిన ప్రతిసారియు మనము వార్తాహరుల మగుచున్నాము. కావున ఒక సందేశము రాగానే మూడు ప్రశ్నలు వేసికొనుడు: దీనిని మొదట చెప్పినవా రెవరు? ఇది ఎప్పటిది, ఎక్కడిది? నమ్మదగిన మరియొకచోట ఇదే విషయము కలదా? సమాధానము దొరకనిచో ఆ సందేశమును మీయొద్దనే ఆపివేయుడు. రచ్చబండయొద్ద పదిమంది యెదుట నిలిచి చెప్ప సాహసింపని మాటను చేతిలోని రచ్చబండమీదను చెప్పకుండుట మన ధర్మము.