లుక్కు కోసం లావు టైరా?

2024 జులై. పొద్దున్నే ఆరు గంటలు. ఊరి నుంచి బస్సులో వచ్చిన అమ్మని మియాపూర్‌లో ఎక్కించుకుని నిజాంపేట వెళ్తున్నా. రాత్రంతా కురిసిన వాన అప్పుడే ఆగింది. ముందు వెళ్తున్న ఆటో అతను ఎవరో చెయ్యెత్తగానే ఉన్నట్టుండి ఆపేశాడు. పక్కకి తిప్పుతూ బ్రేక్ కొట్టా. బండి వెనక భాగం సర్రున జారింది. ఎలాగో నిలబెట్టా. అమ్మ మాత్రం ఇంటికెళ్లేదాకా నా షర్టు వదల్లేదు.

ఏబీఎస్ ఉంది కదా అంటారేమో. ఉంది. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే కానీ, టైరుకి లేని గ్రిప్‌ని ఎక్కడి నుంచో తెచ్చిపెట్టదు.

నాది మీటియోర్ 350. 2021లో కొన్నా, అప్పటికి 23 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంటికొచ్చి సెంటర్ స్టాండ్ వేసి వెనక టైరు చూశా. అంచుల్లో గీతలు కొత్తవాటిలా ఉన్నాయి. మధ్యలో మాత్రం బల్లలా చదును! గీతల లోపల చిన్న చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, అరుగుదల చూపించడానికే పెడతారు. టైరు వాటితో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే. నాది ఎప్పుడో అయిపోయింది. ఇన్నాళ్లూ గాలి చెక్ చేయించానే తప్ప, ఒక్కసారి కూడా వంగి చూడలేదు. తప్పు నాదే.

క్రూజర్లలో ఇది మామూలే. సీటు కిందికి, వెనక్కి ఉంటుంది కాబట్టి బరువు వెనక చక్రం మీదే ఎక్కువ. పైగా మన బతుకంతా ఇంటి నుంచి గచ్చిబౌలికి తిన్నగా పోవడమే. గుండ్రంగా ఉండాల్సిన టైరు మధ్యలోనే అరిగి చదునవుతుంది. ఇక బండి వంచినప్పుడు ఆ చదును మీంచి అంచు మీదకి ఒక్క ఉదుటున పడుతుంది. ఫ్లైఓవర్ మలుపుల్లో బండి విచిత్రంగా ఊగితే హ్యాండిల్‌ని అనుమానించకండి, ముందు టైరు చూడండి.

సాయంత్రం టైర్ల షాపుకి వెళ్లా. "140 ఎందుకన్నా? 150 వేద్దాం, లుక్ అదిరిపోద్ది" అన్నాడు. అబద్ధం ఎందుకు, నాకూ మనసు లాగింది. కానీ రిమ్ వెడల్పు మారదు కదా. సరిపోని రిమ్‌లో లావు టైరు ఇరికిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి, ఆకారం మారిపోతుంది. బండి వంగడానికి మొరాయిస్తుంది. పైగా 140/70-17 స్థానంలో 150/70-17 వేస్తే చక్రం ఎత్తు 14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వర్షన్ కుదరని లైబ్రరీని బలవంతంగా ఎక్కిస్తే ఏమవుతుందో నాకు ఆఫీసులో రోజూ తెలుస్తూనే ఉంటుంది.

సైజు పక్కన ఉండే 66పి సంగతి చాలామంది పట్టించుకోరు. 66 అంటే ఆ టైరు 300 కిలోలు మోయగలదని, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. మీటియోర్ ఒక్కటే 191 కిలోలు. నేను, అమ్మ, ఆవిడ తెచ్చే ఆవకాయ జాడీలు అదనం. తక్కువ నంబరు టైరు చౌకగా వస్తుందంటే వద్దనే చెప్పండి.

తర్వాత తేదీ. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. షాపులో ముందు తీసిచ్చిన దాని మీద 2221 ఉంది. అంటే 2021లో 22వ వారం. మూడేళ్ల కిందటి సరుకు, కొత్త రేటు! వేరేది ఇమ్మంటే మొహం చిట్లించాడు గానీ, లోపలి నుంచి ఆ ఏడాదిదే తెచ్చాడు. అడగందే అమ్మయినా పెట్టదు కదా.

అవెంజర్ 220 వాళ్లకి ఇంకో తలనొప్పి. వెనక 130/90-15. ఆ 15 అంగుళాల సైజులో ఎంచుకోవడానికి పెద్దగా ఉండవు. దొరికిందల్లా వేయించేయకుండా ముందే ఆర్డర్ పెట్టుకోవడం మేలు. అందులో స్పోక్ చక్రాలున్న మోడలైతే ట్యూబ్ ఉండాల్సిందే.

చివరికి బండితో వచ్చిన రకమే మళ్లీ వేయించా. ముందు చక్రానికి మామూలు టైరు ఉండగా వెనక రేడియల్ కలపడం ఇష్టం లేకపోయింది. సైజులో 17కి ముందు గీత బదులు ఆర్ ఉంటే అది రేడియల్. వాల్వ్ కొత్తది పెట్టించా, బ్యాలెన్సింగ్ చేయించా, టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో పక్కనే నిలబడి చూశా. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. అందుకే మొదటి నూట యాభై కిలోమీటర్లు మెల్లగానే నడిపా.

ఆ ఆదివారం అమ్మని కూకట్‌పల్లి తీసుకెళ్లా, మళ్లీ వానలోనే. దిగాక వంగి చక్రం వైపు చూసింది.

"ఇంత డబ్బు పోశావు, పాతది కూడా నల్లగానే ఉండేది కదరా?"